కంప్యూటరులో ఈ ఒడ్డు, ఆ ఒడ్డు

కృష్ణానది విజయవాడ వద్ద డెల్టాను రెండు భాగాలు చేస్తున్నది. 1855లో పూర్తి అయిన పాత ఆనకట్టకు బదులు 1957లో ప్రకాశం బారేజీ నిర్మాణం పూర్తి అయింది. విజయవాడ వైపు నుండి బయలుదేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు తూర్పు డెల్టాకు నీరందిస్తాయి. సీతానగరం వైపు నుండి బయలుదేరే కాలువలు తెనాలి, రేపల్లె ప్రాంతాలను తడుపుతాయి. ఏ ఒడ్డు పొలాలకు ఆ ఒడ్డు కాలువలే ఆధారం. ఒక ఒడ్డు నుండి రెండవ ఒడ్డుకు సరుకు చేరవలెనంటే వంతెన దాటక తప్పదు. నేటి పెద్ద కంప్యూటర్లలో కూడా ఇటువంటి ఏర్పాటే ఉన్నది.

కంప్యూటరులో లెక్కలు చేసే భాగాన్ని ప్రాసెసర్ అని, ఆ లెక్కలకు కావలసిన సమాచారాన్ని ఉంచే భాగాన్ని జ్ఞాపక కోశం లేక మెమరీ అని అంటారు. బల్లమీది చిన్న కంప్యూటరులో సాధారణంగా ప్రాసెసర్ ఒకటే. జ్ఞాపక కోశమంతా దానికి ఒకే దూరంలో ఉంటుంది. వేలమందికి ఒకేసారి సేవలందించే సర్వర్లలో రెండు గాని అంతకు మించి గాని ప్రాసెసర్లు ఉంటాయి. ఇవన్నీ ఒకే దారిన ఒకే కోశానికి పోతే ఆ దారి ఇరుకవుతుంది. అందువల్ల ఒక్కొక్క ప్రాసెసరుకు కొంత కోశాన్ని దగ్గరగా అమర్చుతారు. ప్రాసెసర్, దాని సొంత కోశం కలిసి ఒక ‘నోడ్’ అవుతుంది. నోడ్లను కలుపుతూ ఒక సంధాన మార్గం ఉంటుంది. ఈ పద్ధతికి న్యూమా అని పేరు.

ఈ పద్ధతిలో ఏ ప్రాసెసరైనా ఏ కోశాన్నైనా చదవగలదు. కాని పట్టే కాలం సమానం కాదు. సొంత కోశం నుండి సమాచారం రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుందనుకుంటే, అవతలి నోడ్ నుండి రావడానికి దాదాపు ఒకటిన్నర రెట్లు పట్టవచ్చు. సెకనులో 100 కోట్లవ వంతును నానోసెకను అంటారు. యంత్రంలోనే ఈ దూరాల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో సొంత నోడ్ దూరం ఎప్పుడూ 10. పొరుగు నోడ్ దూరం తరచుగా 20 లేక 21.

ప్రాసెసర్ల వలెనే నెట్‌వర్క్ కార్డు, డిస్కు మొదలైన పరికరాలకు కూడా ఒడ్డు ఉన్నది. కార్డును గుచ్చే గాడి ఏదో ఒక ప్రాసెసరుకే కలిపి ఉంటుంది. ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. యంత్రం మొదలైనప్పుడు డ్రైవర్ తన పరికరాన్ని మేల్కొలిపి, దానికి కావలసిన పట్టికల కోసం జ్ఞాపక కోశంలో స్థలం అడుగుతుంది. ఇక్కడే చిక్కు వస్తుంది. ప్రత్యేకంగా కోరితే తప్ప, లినక్స్ ఆ స్థలాన్ని పరికరం ఉన్న నోడ్ చూసి ఇవ్వదు. అడిగిన ప్రోగ్రాము ఆ క్షణాన ఏ నోడ్ మీద నడుస్తున్నదో ఆ నోడ్ నుండే ఇస్తుంది.

తెనాలిలో ఒక రైసుమిల్లు పెట్టదలచారనుకుందాము. గిడ్డంగి చూడవలసిన గుమాస్తా విజయవాడలో కూర్చుని, తనకు దగ్గరగా ఉన్నదని అక్కడే గిడ్డంగి అద్దెకు తీసుకున్నాడు. అతని పని ఒక్క పూటతో ముగిసింది. కాని మిల్లు నడిచినంతకాలం ప్రతి బస్తా బారేజీ దాటి పోవలసిందే. గుమాస్తాను ముందుగా తెనాలికి పంపి ఉంటే గిడ్డంగి అక్కడే కుదిరేది.

లినక్స్ చేసే ఉపాయమూ ఇదే. పరికరం ఏ నోడుకు చెందినదో ముందు తెలుసుకుని, డ్రైవర్ ప్రారంభ క్రియను ఆ నోడులోని ప్రాసెసర్ మీదనే జరిపిస్తుంది. 2005లో పి.సి.ఐ. పరికరాలకు ఈ ఏర్పాటు చేశారు. ‘నాకు ఫలానా నోడులో స్థలం కావాలి’ అని ప్రతి డ్రైవరులోనూ వేరువేరుగా వ్రాయనక్కరలేదు. డ్రైవర్ ఎప్పటివలెనే అడుగుతుంది. స్థలం సరియైన ఒడ్డున దొరుకుతుంది.

అయితే ఒక పరికరం తనలో నుండి పెక్కు ఉపపరికరాలను పుట్టించే సందర్భాలున్నాయి. తల్లి పరికరపు ప్రారంభ క్రియ ముగియకముందే పిల్ల పరికరాలకూ ప్రారంభ క్రియ జరగాలి. వాటి పనిని మరల వరుసలో నిలబెట్టి తల్లి వేచి ఉంటే, ఒకదానికొకటి అడ్డుపడి రెండూ ఆగిపోయే ప్రమాదమున్నది. అందువల్ల తల్లి పని సాగుతున్నప్పుడు పిల్లల పనిని అక్కడికక్కడే నేరుగా చేయిస్తారు.

ఇన్ని నానోసెకన్ల లెక్క ఎందుకని విద్యార్థులు అడగవచ్చు. సెకనుకు 1,000 కోట్ల బిట్లు అందుకొనే నెట్‌వర్క్ కార్డుకు అతి చిన్న పొట్లాలు సెకనుకు 1 కోటి 48 లక్షలకు పైగా రాగలవు. అంటే రెండు పొట్లాల నడుమ వ్యవధి సుమారు 67 నానోసెకన్లే. జ్ఞాపక కోశానికి ఒక్కసారి పోయి రావడానికే అంతకు మించిన కాలం పడుతుంది. ప్రాసెసర్లు పెక్కు పనులను ఏకకాలంలో సాగించి ఈ లోటును కొంత పూడ్చుకొంటాయి. కాని నోడ్ల నడుమ వంతెన మీద అనవసరపు రద్దీ పెరిగితే ఆ నేర్పు చాలదు. పరీక్షా ఫలితాల రోజున లక్షలమంది ఒకేసారి ఒక సర్వరును అడిగినప్పుడు ఇటువంటి జాప్యాలే పోగుపడతాయి.

ఈ ఉపాయానికి హద్దులూ ఉన్నాయి. ఆ నోడులో ఖాళీ లేకపోతే స్థలం పొరుగు నోడ్ నుండి వస్తుంది. పరికరపు నోడ్ ఏదో యంత్రం తెలుపకపోతే లినక్స్ ఆ చోట మైనస్ 1 అని చూపుతుంది. అప్పుడు డ్రైవర్ ఉన్నచోటనే నడుస్తుంది. పాఠశాలలో లినక్స్ కంప్యూటర్ ఉంటే ‘ఎల్‌ఎస్‌సీపీయూ’ అనే ఆదేశమిచ్చి, అందులో ఎన్ని నోడ్లున్నవో ఉపాధ్యాయులు చూపించవచ్చు. సాధారణంగా ఒకటే కనిపిస్తుంది. ఒకే ఒడ్డు ఉన్నచోట వంతెన సమస్య లేదు. రెండవ ఒడ్డు ఏర్పడిన నాటి నుండి మాత్రం, పని ఎంత వేగంగా చేయాలన్న ప్రశ్నతో పాటు దానిని ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న కూడా ముఖ్యమవుతుంది.