పార్కిన్సన్ వ్యాధి: మోషన్ సంగతి, మతి సంగతి

పార్కిన్సన్ వ్యాధి అనగానే మనకు ముందు గుర్తుకు వచ్చేది చేతి వణుకు. ఊళ్లలో దీన్ని వణుకుడు జబ్బు అనే అంటారు. కానీ ఈ రోగులను ఇంట్లో చూసుకుంటున్న భార్యనో, కోడలినో అడగండి. వణుకు కంటే తమను ఎక్కువ కష్టపెట్టేవి వేరే ఉన్నాయంటారు. నాలుగైదు రోజులకు గాని మోషన్ కాకపోవడం ఒకటి, మనిషి ఆలోచన మందగించి ఒక్కోసారి తికమకగా మాట్లాడటం ఇంకొకటి. మొదటిది చెప్పుకోవడానికి సిగ్గు, రెండోది ఒప్పుకోవడానికి భయం. అందుకే ఓపీలో డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు వణుకు గురించే మాట్లాడి లేచి వస్తారు. ఈ రెండు బాధలకూ సంబంధం ఉందని తెలిస్తే దాచుకోకుండా చెబుతారని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదటిసారి వివరంగా రాసినప్పుడే రోగులకు పేగులు మందగిస్తాయని గమనించారు. ఈ జబ్బులో మెదడులో డోపమిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు దెబ్బతింటాయి. ఆ కణాలలో ఒక రకమైన ప్రోటీన్ ముద్దలుగా పేరుకుంటుంది. అలాంటి ముద్దలే పేగుల గోడల్లోని నరాలలో కూడా కనిపిస్తాయి. అందువల్ల పేగుల కదలిక తగ్గి, మలం లోపలే ఎక్కువ రోజులు ఉండి గట్టిపడుతుంది. చాలా మందిలో వణుకు మొదలు కావడానికి పదేళ్ల ముందునుంచే మలబద్ధకం ఉంటుంది. హవాయి దీవుల్లో దాదాపు 6,800 మంది మగవారిని ఏళ్ల తరబడి పరిశీలించి 2001లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు ఒక్కసారి కూడా మోషన్ కానివారిలో ఆ తరువాత పార్కిన్సన్ ఎక్కువగా వచ్చినట్టు తేలింది. ఇది చదివి మలబద్ధకం ఉన్న ప్రతివారూ కంగారు పడవద్దు. వారిలో అత్యధికులకు ఈ జబ్బు రానే రాదు.

ఇక మతి సంగతి. ఈ జబ్బులో మొదట కనిపించేది మరుపు కంటే ఆలోచన నెమ్మదించడమే. అడిగిన మాటకు జవాబు ఆలస్యంగా వస్తుంది. నడుస్తూ మాట్లాడటం వంటి రెండు పనులు ఒకేసారి చేయలేరు. లెక్కలు చూసుకునే పెద్దాయన లెక్క తప్పుతారు. ఏళ్లు గడిచాక కొందరికి జ్ఞాపకశక్తి కూడా తగ్గుతుంది, లేని మనుషులు కనబడతారు. మలబద్ధకం ఎక్కువగా ఉన్నవారిలో ఈ మార్పులు తొందరగా వస్తున్నట్టు కొన్ని పరిశోధనలలో కనిపించింది. రెండూ ఒకే జబ్బు శరీరమంతా వ్యాపించడానికి గుర్తులు కావచ్చు. కాబట్టి మోషన్ మందు వాడితే మతిమరుపు పోతుందని మేము చెప్పము. అయితే కడుపు కదలకపోవడం వల్ల మనసు నేరుగా దెబ్బతినే సందర్భాలు ఉన్నాయి. వాటిని సరిచేయవచ్చు గనుక అవే ముఖ్యం.

రోగి వేసుకునే లీవోడోపా మాత్ర, అంటే మన దగ్గర సిండోపా వంటి పేర్లతో దొరికేది, కడుపులో నుంచి చిన్నపేగులోకి దిగితేనే రక్తంలో కలుస్తుంది. ఈ జబ్బులో కడుపు ఖాళీ కావడమే ఆలస్యం. దానికి మలబద్ధకం తోడైతే మాత్ర ఇంకా ఆలస్యంగా పనిచేస్తుంది. మాత్ర పనిచేయని వేళ కాళ్లూ చేతులే కాదు, ఆలోచన కూడా బిగుసుకుంటుంది. కొందరికి దిగులు, ఆందోళన పెరుగుతాయి. ఇంట్లోవారు మందు పవర్ చాలడం లేదనుకుని సొంతంగా ఇంకో మాత్ర వేస్తారు. అది ఎక్కువై లేనివి కనబడటం మొదలవుతుంది. ముందే మోషన్ సంగతి చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

రెండో సందర్భం ఇంకా ప్రమాదం. మలం గట్టిపడి అడ్డుపడితే కడుపు ఉబ్బుతుంది, తిండి, నీళ్లు తగ్గిపోతాయి. అది మూత్రాశయాన్ని నొక్కి మూత్రం కూడా ఆగిపోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. మొన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషికి రెండు రోజుల్లో పగలో రాత్రో తెలియదు, సొంత కొడుకునే ఎవరని అడుగుతారు. దీన్ని డెలీరియం అంటాము. ఇంట్లోవారు ముసలితనమనో, చాదస్తమనో, మతి పోయిందనో అనుకుని ఊరుకుంటారు. జబ్బు వల్ల వచ్చే మతిమరుపు నెలలు, సంవత్సరాల మీద వస్తుంది. ఇది గంటల్లో, రోజుల్లో వస్తుంది, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మోషన్ ఎప్పుడు అయింది, మూత్రం వస్తోందా, నీళ్లు తాగుతున్నారా, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా అని చూసుకుని ఆ రోజే తీసుకురండి.

ఇక్కడే ఇంకో మాట. గట్టి మలం అడ్డుపడినప్పుడు దాని పక్కనుంచి నీళ్లలా కొంచెం కొంచెం కారవచ్చు. అది చూసి విరేచనాలు అనుకుని ఆగిపోయే మాత్ర ఇస్తే పరిస్థితి పూర్తిగా చెడుతుంది.

కొన్ని మందులు కడుపునూ మతినీ రెండింటినీ మందగింపజేస్తాయి. వణుకుకు వాడే ట్రైహెక్సీఫెనిడిల్ వాటిలో ముఖ్యమైనది, పాసిటేన్ అనే పేరు మీలో చాలా మందికి తెలుసు. వయసు పైబడినవారికి ఇది సాధారణంగా మంచిది కాదు. అలాగని ఒక్కసారిగా మానివేయకూడదు, డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి. లీవోడోపాను అయితే అసలు హఠాత్తుగా ఆపకూడదు, ప్రాణం మీదికి రావచ్చు. జలుబుకు, అలర్జీకి, నిద్రకు వాడే కొన్ని మాత్రలు కూడా పాసిటేన్ లాంటి పనే చేస్తాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, గొడవ చేస్తున్నారని ఇచ్చే హాలోపెరిడాల్ పార్కిన్సన్‌ను మరింత బిగుస్తాయి. వేరే ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లినా, ఈ జబ్బు ఉందని ముందే చెప్పండి. దూలగొండి గింజల పొడి నాటుమందే కదా అని వాడేవారున్నారు. ఆ గింజల్లో ఉండేది కూడా లీవోడోపాయే, 1937లోనే దాన్ని వేరుచేసి చూపించారు. మాత్రలతో పాటు అది కూడా కలిస్తే మోతాదు ఎక్కువవుతుంది.

ఇంట్లో చేయగలిగినది చాలా ఉంది. గుండె, కిడ్నీ జబ్బు వల్ల నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గ్లాసులు తాగించండి. వణికే చేతికి నిండు గ్లాసు ఇస్తే ఒలికిపోతుందని చాలా మంది తాగడమే మానేస్తారు, సగం గ్లాసు చొప్పున ఎక్కువసార్లు ఇవ్వండి. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే మాత్రం ముందు మాకు చూపించాలి. తోటకూర, బీరకాయ, జామ, బొప్పాయి, రాగి సంకటి మంచివి. ఇసబ్‌గోల్ వాడితే నిండుగా నీళ్లు తాగాలి, లేకపోతే అదే అడ్డుపడుతుంది. ఇవి చాలకపోతే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడిగానీ, లాక్టులోజ్ సిరప్‌గానీ డాక్టరు రాస్తారు. రోజూ వాడితే అలవాటు పడిపోతారనే భయంతో వారానికోసారి ఇచ్చి ఆపేయకండి, చెప్పినన్నాళ్లూ వాడవచ్చు. ఉపవాసం ఉండదలచినవారు మాత్రల వేళలు, నీళ్ల సంగతి ముందుగా అడిగి వెళ్లండి. నీళ్లు కూడా ముట్టకుండా ఉండటం ఈ రోగులకు తగదు.

ఉదయం టిఫిను అయ్యాక పేగులు సహజంగా కదులుతాయి. మాత్ర బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని అప్పుడు కూర్చోబెట్టండి. కిందకు కూర్చుని లేవలేరు కాబట్టి కమోడ్ గానీ, కమోడ్ కుర్చీ గానీ కావాలి. కాళ్ల కింద చిన్న పీట వేస్తే ముక్కాల్సిన పని తగ్గుతుంది. నాడా ముడి విప్పుకోలేక ఆపుకునే వారూ ఉన్నారు, ఎలాస్టిక్ ఉన్న బట్టలు కుట్టించండి. తొందర పెట్టవద్దు. ఒక నోటు పుస్తకంలో మాత్ర వేసిన వేళ, మోషన్ అయిన రోజు, తికమక పడిన వేళ రాసి ఓపీకి తెండి. ఆ పేజీ చూస్తే మాకు సగం పని తేలిక అవుతుంది.

మూడు రోజులు దాటినా మోషన్ కాకుండా కడుపు ఉబ్బితే, వాంతులైతే, గ్యాసు కూడా పోకపోతే, మలంలో రక్తం పడితే, మూత్రం ఆగితే, హఠాత్తుగా మనుషులను గుర్తుపట్టకపోతే ఓపీ రోజు కోసం ఆగవద్దు. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని, రాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకురండి.