గాలి పీల్చే కొర్రమీను, సారా కాచే గోల్డ్‌ఫిష్

రావివలస, టెక్కలి చుట్టుపక్కల ఎండాకాలంలో చెరువులు అడుగంటితే బురద దేవి కొర్రమీనులు, మార్పులు, ఇంగిలాయిలు పట్టడం కొత్తేమీ కాదు. చుక్క నీరు లేని తట్టలో గంటలు గడిచినా అవి బేరం కుదిరే వేళకు ఎగిరెగిరి పడుతుంటాయి. అది చూసి చాలామంది ఈ చేపలకు ఆక్సిజన్‌తో పనే లేదని తేల్చేస్తారు. నీళ్లు లేకుండా బతకడం వేరు, ఆక్సిజన్ లేకుండా బతకడం వేరు. కొర్రమీను మొదటిది చేయగలదు, రెండోది చేయలేదు. ఆ రెండోది చేయగలిగిన చేప, అంతో ఇంతో, గాజు తొట్టిలో పెంచుకునే గోల్డ్‌ఫిష్. గట్టిదనుకున్నది ఆక్సిజన్ కోసం తపిస్తుంటే, సుకుమారమనుకున్నది దాన్ని కొంతకాలం వదులుకోగలుగుతోంది.

ఈ పొరపాటు వెనక ఇంకో పాత అపోహ ఉంది. నీటిలో ఆక్సిజన్ ఉంది కదా, చేప నీటిని విడగొట్టి దాన్ని తీసుకుంటుందని అనుకోవడం. ఏ చేపకూ ఆ శక్తి లేదు. గాలి నుంచి, నాచు నుంచి నీటిలో కరిగిన కాస్త ఆక్సిజన్‌నే మొప్పలు గుంజుకుంటాయి. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీటిలో మహా అయితే ఏడున్నర మిల్లీగ్రాములు కరుగుతుంది. అదే గాలిలో 21 శాతం ఆక్సిజనే. అంత సంపద నెత్తిమీద ఉండగా, కుళ్లిన ఆకుల చెరువులో మొప్పలనే నమ్ముకున్న చేప ఇబ్బంది పడుతుంది. కొర్రమీను మొప్పల పైన రక్తనాళాలు అల్లుకున్న గదులున్నాయి. మార్పుకు చెట్టుకొమ్మల్లాంటి అవయవం ఉంది. ఇంగిలాయికైతే మొప్పల దగ్గర మొదలై ఒంటి వెంట తోకవైపు సాగే గాలి సంచులే ఉన్నాయి. కొర్రమీను మాటిమాటికీ పైకొచ్చి గుటక వేసేది అందుకే. ఎదిగిన కొర్రమీనును పైకి రానీయకుండా వలతో నీటి అడుగున ఆపేస్తే, నీళ్లెంత మంచివైనా ఊపిరాడక చచ్చిపోతుంది. చేప నీట మునిగి చావడం నమ్మశక్యంగా ఉండదు గానీ, జరిగేది అదే. భావనపాడు తీరంలో వలలోంచి తీసిన కానాగంత సంగతి ఇందుకు తలకిందులు: చుట్టూ గాలి ఉన్నా, నీటి ఆసరా లేక మొప్పల రేకులు ఒకదానికొకటి అంటుకుపోయి చస్తుంది.

మరి బురదలో రోజుల తరబడి కూరుకుపోయిన కొర్రమీను మాటేమిటని అడగొచ్చు. అది సరైన ప్రశ్నే. ఒళ్లూ గాలి గదులూ తడిగా ఉన్నంతకాలం, పగుళ్లలోంచి దిగే గాలితో అది నెట్టుకొస్తుంది. కదలిక తగ్గడంతో ఖర్చూ తగ్గుతుంది. తడి పూర్తిగా ఆరితే కథ ముగిసినట్టే. ఎండిన మట్టిలో నెలలకొద్దీ నిద్రపోయే ఆఫ్రికా ఊపిరితిత్తుల చేప కూడా తన జిగురు గూడుకు నోటి దగ్గర గాలి దారి వదులుకుంటుంది. పొదుపు వేరు, పూర్తి ఉపవాసం వేరు.

ఆక్సిజన్ విషయంలో పూర్తి ఉపవాసం చేసేవి ఉత్తర ఐరోపాలోని క్రూషియన్ కార్ప్, దాని దగ్గరి చుట్టం గోల్డ్‌ఫిష్. చలికాలంలో అక్కడి చిన్న చెరువులు గడ్డకడతాయి. పైన మంచు మూత, కింద చీకటి. ఉన్న ఆక్సిజన్ కాస్తా అయిపోతుంది, గుటక వేయడానికి పైన సందూ ఉండదు. మనతో సహా చాలా జీవులు ఆ స్థితిలో చక్కెరను సగంలో విరిచి కొద్దిపాటి శక్తి పొందుతాయి. దాంతో లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఒంటికి హాని చేస్తుంది. ఈ చేపలు ఆ ఆమ్లాన్ని కండరాలకు చేరవేసి ఆల్కహాల్‌గా మార్చి మొప్పల గుండా బయటికి వదిలేస్తాయి. గోల్డ్‌ఫిష్ ఇలా ఆల్కహాల్ వదులుతుందని 1980లో షౌబ్రిడ్జ్, హోచాచ్కా అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఆ మార్పు చేసే ఎంజైము ఎలా పుట్టిందో ఓస్లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో వివరించారు. చాలాకాలం కిందట ఈ చేపల జన్యువులన్నీ రెట్టింపయ్యాయి. మామూలు పని చేసే జన్యువుకు మిగిలిన నకలే ఈ కొత్త పని నేర్చుకుంది. మంచు కింది క్రూషియన్ కార్ప్ రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములకు పైగా ఆల్కహాల్ ఉంటుంది. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు ఒప్పుకునేది 30 మాత్రమే!

అంత మొనగాడైతే మన ఇళ్లలో గోల్డ్‌ఫిష్ వారానికే ఎందుకు చస్తుందంటారా? చలి లేకపోవడం ఒక కారణం. గడ్డకట్టే చలిలో ఒంటి ఖర్చు అతి తక్కువ కాబట్టి కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్‌తో క్రూషియన్ కార్ప్ నెలలు లాగగలదు. మన వేడిలో ఆక్సిజన్ అందకపోతే గోల్డ్‌ఫిష్‌కు ఆ నిల్వ గంటల్లోనే కరిగిపోతుంది. పైగా ఇరుకు తొట్టిలో దాని వ్యర్థాల నుంచి చేరే అమ్మోనియాకు ఆల్కహాల్ విద్య విరుగుడు కాదు. కార్ప్ జాతే కదా అని బొచ్చె, శీలావతి మీదా ఆశ పెట్టుకోకూడదు. వాటికి ఈ విద్యా రాదు, గాలి గదులూ లేవు.

అందుకే తెల్లవారేసరికి చెరువులో బొచ్చెలు తేలితే వెంటనే "ఎవరో మందు కలిపారు" అని ఊళ్లో తగవు పెట్టుకోవడం తొందరపాటు. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానూ పీలుస్తుంది. కాబట్టి నీటిలో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామునే. మబ్బు పట్టిన రోజుల తర్వాత పరిస్థితి ఇంకా చెడుతుంది. అదే చెరువులో కొర్రమీనులు, మార్పులు నిక్షేపంగా తిరుగుతున్నాయేమో చూడండి. అవి బతికి బొచ్చె, శీలావతి మాత్రమే చస్తే ఆక్సిజన్ కరువునే ముందు అనుమానించాలి. విషమైతే గాలి పీల్చే చేపనూ అంత తేలిగ్గా వదలదు. ఇది తుది రుజువు కాదు, నీటి పరీక్షే ఆ మాట తేల్చాలి. ఈలోగా మేత ఆపండి, ఇంజను పెట్టి నీటిని పైకి చిమ్మించండి, వీలైతే కొత్త నీరు పెట్టండి.