పద్యమునకుఁ బ్రతిఫలము: ధవళేశ్వరము మొదలు నేఁటి దాఁక

కావ్యప్రయోజనములను జెప్పుచు మమ్మటుఁడు కీర్తికి వెనువెంటనే ధనమును బేర్కొని, శ్రీహర్షునివలన ధావకాదులు ధన మార్జించుట నందుల కుదాహరణముగాఁ జూపినాఁడు. అలంకారశాస్త్రమును బాఠము చెప్పు పండితు లందఱు నీ విషయము నెఱుఁగుదురు. ఎఱిఁగియుఁ దమ పద్యములకుఁ బ్రతిఫల మడుగవలసి వచ్చినపుడు సిగ్గుపడుదురు. కృతివిక్రయము దోష మను భావము మనలో నంత బలముగా నాటుకొని యున్నది. పోతనామాత్యుఁడు భాగవతమును నరాంకితము చేయ నొల్లఁడయ్యె నను ప్రతీతి యా భావమున కాధారము. అయినను బరికించి చూచినచో నా కథలో నిరాకరింపఁబడినది కేవలము ధనము గాదు, ధనముతోఁ గూడ వచ్చు నిబంధన. ఈ భేదమును గుర్తింపనివాఁడు పద్యమును ఊరక యిచ్చివేయును, లేదా యెఱుఁగకయే యమ్ముకొనును. కావున పద్యమునకు ధన మెవ్వ రిత్తురు, ఏమి కోరి యిత్తురు, కవి యెట్లు మెలఁగవలయును అను మూఁడు ప్రశ్నలను గౌతమీతీరపుఁ జరిత్ర మాధారముగా విచారింతము.

రాజాశ్రయము

ఈ ప్రాంతమున విద్వాంసునకు లభించిన ప్రతిఫలమునకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యములలో నొకటి నందంపూడి తామ్రశాసనము. 11 వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుఁడు నారాయణభట్టునకు నందంపూడి గ్రామము నగ్రహారముగా నొసఁగెను. ఆ శాసనమును రచించినవాఁడు నన్నయభట్టు. నారాయణభట్టు బహుభాషాకవిగా నందుఁ బ్రశంసింపఁబడినాఁడు. మనకిక్కడ ముఖ్యమైన విషయము వేఱొకటి. దాత యెవ్వఁడు, ప్రతిగ్రహీత యెవ్వఁడు, ఇచ్చిన దేమి యనునవి యన్నియు రాగిఱేకుల మీఁదఁ జెక్కఁబడియున్నవి. నోటిమాటపై నడచిన వ్యవహారము గాదు.

తరువాత రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల కాలమున శ్రీనాథుఁడు కాశీఖండమును వీరభద్రారెడ్డికిని, భీమేశ్వరపురాణమును బెండపూడి యన్నయామాత్యునకును అంకిత మిచ్చెను. ఇక్కడ నిచ్చిపుచ్చుకొనునది యేమన, కృతిపతి ధనమానములఁ జూపును, కవి యాతని వంశమును గ్రంథాదిని శాశ్వతము చేయును. అవతారికలోని వంశవర్ణన మా కాలపు రసీదు వంటిది. కృతిపతి కోరినది కీర్తి. కావున నతఁడు ప్రబంధమునకు ధన మిచ్చును గాని చాటువున కిచ్చునది యప్పటి యుల్లాసము ననుసరించి యుండును. ఇచ్చువాని కోరికయే కవిత్వపు రూపమును నిర్ణయించు నను న్యాయ మిక్కడనే కనఁబడుచున్నది.

ధవళేశ్వరమునఁ బత్రిక

1847 మొదలు 1852 వఱకు ఆర్థరు కాటను దొర యానకట్టను గట్టించిన ధవళేశ్వరము మన సారస్వతచరిత్రమున మఱియొక కారణమున స్మరణీయము. కందుకూరి వీరేశలింగము పంతులుగా రిక్కడి పాఠశాలలోఁ బ్రధానోపాధ్యాయులుగా నుండఁగా, 1874 వ సంవత్సరము అక్టోబరు నెలలో వివేకవర్ధని వెలువడెను. మొదట నది చెన్నపట్టణమున కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి సంజీవనీ ముద్రాక్షరశాలయం దచ్చుపడినది. అప్పటికి గోదావరీమండలమునకుఁ బొగబండి లేదు. వ్రాఁతప్రతి చెన్నపట్టణము చేరి, యచ్చుపడి, మరలి వచ్చుటకుఁ బట్టు కాలమును బాఠకులే యూహింపఁగలరు. ఈ కష్టముచేతనే పంతులుగారు రాజమహేంద్రవరమున స్వంత ముద్రాలయమును నెలకొల్పిరి.

ఈ మార్పులోఁ గవికి సంబంధించిన విశేష మేమి? పత్రికకుఁ గృతిపతి లేఁడు, చందాదారు లున్నారు. ఒక్క ప్రభువు మాఱుగాఁ బలువురు గృహస్థులు స్వల్పధన మిచ్చి చదువుదురు. వారు కోరినది తమ వంశవర్ణనము గాదు, తమకుఁ బనికివచ్చు విషయము. కావున పత్రికవలన మొదట లాభపడినది వచనము. పంతులుగారి రాజశేఖరచరిత్రము 1878 లో వివేకవర్ధని యందే ప్రకటింపఁబడి, 1880 లో గ్రంథరూపమున వెలువడినది.

బహుమానధనమును సయితము వచనమువైపే నడచినది. న్యాపతి సుబ్బారావు పంతులుగారు 1891 లో స్థాపించిన చింతామణి పత్రిక నవలలకుఁ బోటీలు పెట్టి బహుమానము లొసఁగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి రామచంద్రవిజయము అట్లు బహుమానము నందినదే. పద్యకవికి మాత్రము సంస్థానములును, అవధానసభలును శరణ్యములుగా నుండెను. ఈ రెండు మార్గములు నొకచోఁ గలిసిన సందర్భము సరస్వతీపత్రిక. 20 వ శతాబ్ది యారంభమునఁ బోలవరము జమీందారులు కొచ్చెర్లకోట రామచంద్ర వేంకటకృష్ణారావుగారు తిరుపతి వేంకటకవుల నాదరించి, యా పత్రికకు వారి రచనలను సమకూర్చుకొనిరి. ధనము జమీందారునిది, పాఠకులు పత్రికవారు. పిదప 1924 లో వెలువడి 1991 వఱకు నడచిన భారతి మొదలగు మాసపత్రికలు పద్యమునకు విశాలమైన పాఠకలోకమును జూపినవి. ఆ పత్రిక యాఁగుటతోఁ బద్యకవు లొక పెద్ద వాకిలిని గోలుపోయిరి.

నేఁడు ధన మిచ్చువారు

ఇప్పుడు పద్యమునకుఁ బ్రతిఫలము నాలుగు తావులనుండి రావచ్చును. మొదటిది వారపత్రికలు, దినపత్రికల యాదివారపుటనుబంధములు. ఇందుఁ గొన్ని పారితోషిక మిచ్చును, కొన్ని యీయవు. తఱుచుగా వచనకవితనే కైకొనును. రెండవది ఆకాశవాణి. కవిసమ్మేళనములందుఁ బాల్గొను కవులకు నిర్ణీతరుసుము గలదు, దానికి వ్రాఁతపూర్వకమైన యొప్పందమును గలదు. మూఁడవది బహుమానములు. కేంద్ర సాహిత్య అకాడెమీ ప్రధానపురస్కారమునకు 1,00,000 రూపాయలును, 35 ఏండ్లకు మించని రచయితలకై 2011 నుండి యిచ్చు యువపురస్కారమునకు 50,000 రూపాయలును నిర్ణయించినది. ఇవి ముద్రితగ్రంథములకే గాని విడిపద్యములకుఁ గావు. నాలుగవది గ్రంథవిక్రయము. మన కవులలోఁ బలువురు స్వధనముతో నచ్చు వేయించి, ప్రతులను మిత్రులకుఁ బంచిపెట్టుదురు కావున దీనిని లాభముగా లెక్కింప వీలులేదు.

ఈ నాలుగింటిలో దేనివలనను గవి కుటుంబపోషణము సేయఁజాలఁడు. పాఠశాలాపండితులకు నిది చెప్పవలసిన పని లేదు. అయినను స్వల్పమైన పారితోషికమునకు సయితము విలువ గలదు. అది రచన పరునిది యని పత్రికాధిపతి యొప్పుకొన్న గుర్తు.

పంపు విధము

పద్యములను బంపఁదలఁచువాఁడు ముందుగా నా పత్రిక యిటీవలి సంచికలను నాలుగైదింటిని జదువవలయును. ఛందోబద్ధరచనను బ్రకటింపని పత్రికకు సీసమాలికను బంపుట వ్యర్థము. శుద్ధప్రతిని సిద్ధము చేయునపుడు యతిప్రాసలను మఱల లెక్కించి, యెవ్వరికైనఁ జదివి వినిపించుట మేలు. యూనికోడు లిపిలో వ్రాసిన దానిని ముద్రాలయమువారు తమ వాడుకలోని లిపికి మార్చునపుడు అఱసున్నయు, శకటరేఫమును జాఱిపోవుట కలదు. శకటరేఫము సాధురేఫముగా మాఱినచోఁ బ్రాసయందు దోషము కనఁబడి యపకీర్తి కవిపైఁ బడును. కావున అక్షరప్రతితోఁ బాటు మార్పులేని ప్రతిబింబమును గూడఁ బంపవలయును. సీసపాదము లిఱుకు పంక్తులలో విఱుగకుండఁ బాదవిభాగమును స్పష్టముగాఁ జూపుట యవసరము.

ఒక పద్యము నొక్కసారి యొక్క పత్రికకే పంపవలయును. ఏ రచన యెన్నఁడు ఎవ్వరికిఁ బంపఁబడినదో యొక పుస్తకమున వ్రాసికొనవలయును. పత్రికవారు చెప్పిన గడువు దాఁటినను, గడువు చెప్పనిచో మూఁడు నెలలు గడచినను బ్రత్యుత్తరము రానియెడల రచన నుపసంహరించుకొంటి నని జాబు వ్రాసి, పిమ్మటనే వేఱొకచోటికిఁ బంపఁదగును. సామాజికమాధ్యమములలోఁ బెట్టిన పద్యమును బలువురు సంపాదకులు ప్రకటితముగానే యెంచుదురు. అముద్రిత మని హామీ యిచ్చుటకు ముం దీ విషయము నాలోచింపవలయును. తోడిలేఖ నాలుగు పంక్తులకు మించకుండుట మంచిది. ప్రకటించినచోఁ బారితోషికము గలదా యని యందే మర్యాదగా నడుగుటలోఁ దప్పు లేదు. సంకలనమునఁ జేర్చుటకుఁ గవినే ధన మడుగువారు కవితకు వెల నిచ్చువారు గారు, కవికి వెల కట్టువారు.

హక్కు

పారితోషికముకంటె ముఖ్యమైనది హక్కు. 1847 నాఁటి చట్టము రచయిత జీవితకాలమును, ఆ మీఁద 7 ఏండ్లును, లేదా ప్రకటించిన నాఁటినుండి 42 ఏండ్లును, ఏది యధికమో దానిని హక్కుకాలముగా నిర్ణయించెను. నేఁడు నడచుచున్న 1957 నాఁటి చట్టము ప్రకారము, 1992 నాఁటి సవరణ పిమ్మట, మరణానంతరము 60 ఏండ్ల వఱకు హక్కు నిలుచును. దీనికి నమోదు తప్పనిసరి గాదు. రచన పుట్టినతోడనే హక్కును బుట్టును.

పద్యమును బత్రికకుఁ బంపినంత మాత్రమున హక్కు పత్రికకుఁ జెందదు. కవి సంతకము గల వ్రాఁత లేక హక్కు బదిలీ చెల్లదని 19 వ సెక్షను చెప్పుచున్నది. వ్రాఁతయందుఁ గాలపరిమితి లేనిచో 5 సంవత్సరము లనియు, ప్రదేశము పేర్కొననిచో భారతదేశ మనియు గ్రహింపవలయును. హక్కును గొన్నవా రొక సంవత్సరములోపల దాని నుపయోగింపనిచో, వేఱుగా నొప్పందము లేనియెడల, నది కవికే మరలి వచ్చును.

ఈ వ్యాసకర్త యొకప్పు డొక సంకలనకర్తకు ఖండకావ్య మొకటి యిచ్చి, చదువక యొక కాగితముపై సంతకము చేసినాఁడు. అందు సర్వహక్కులు నిచ్చితి నని యున్నది. కొంతకాలమునకుఁ దన పద్యములను గ్రంథముగా వేయఁబోవఁగా నా సంకలనకర్త యడ్డు చెప్పెను. కాగితమునఁ గాలపరిమితి లేదు. 5 ఏండ్లు నిండుదాఁక వేచి గ్రంథము వేయవలసి వచ్చినది. నారాయణభట్టునకుఁ దామ్రపత్రము రక్షణ మయ్యెను, ఈతనికిఁ దాను జదువని కాగితమే బంధనమయ్యెను.

పరిషత్తుల కర్తవ్యము

1912 లో హేరియట్ మన్రో యనునామె అమెరికాలోని చికాగో నగరమునఁ గవిత్వమునకే యొక మాసపత్రికను స్థాపింపఁబూని, ఏఁటికి 50 డాలర్ల చొప్పున 5 ఏండ్ల పాటు చందా నిచ్చుటకు నూఱుమంది గృహస్థుల నొప్పించెను. ఆ ధనముతోఁ గవులకు మొదటినుండియుఁ బారితోషిక మిచ్చుచు వచ్చెను. సంపన్నదేశమునందును గవిత్వము సంతలో సరకువలెఁ దనంతటఁ దా నమ్ముడుపోలేదు. రసికులు కొంద ఱొకచోటఁ జేరి, యేమియుఁ గోరక ధన మిచ్చినపుడే దానికి వెల యేర్పడినది.

మన సాహిత్యపరిషత్తులు నిట్లే కొలఁదిమంది పోషకులను గూర్చుకొని, తమ సంచికలయందుఁ బ్రకటించు ప్రతి పద్యఖండికకు స్వల్పమైనను నియతమైన పారితోషికమును, దానితోఁ గూడ హక్కు కవిదే యను నొక పంక్తి పత్రమును ఇచ్చుట యుచితము. రాజు రాగిఱేకుపైఁ జేసిన పనిని మనము కాగితముపైఁ జేయఁగలము. ధవళేశ్వరమునుండి చెన్నపట్టణమునకు వ్రాఁతప్రతులను బంపి పత్రిక నడపిన పంతులుగారి పూనికలోఁ బదవవంతు మనకున్నను నిది యసాధ్యము గాదు.