భుజమున నొప్పి – ఉదరమున కారణము

నస్పూరు, శ్రీరాంపూరు ప్రాంతపు బొగ్గుబావుల కాలనీలలో భుజము నొప్పి యనగానే ఎవరును ఆశ్చర్యపడరు. తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన తరమువారికి ఆ బాధ తెలియనిది కాదు. యంత్రములు వచ్చిన పిదపను గనిలో బరువులెత్తు పని పూర్తిగా పోలేదు. కావున భుజము నొచ్చినచో అది పని నొప్పి యని తలచి, తైలము మర్దించి, ఒక నొప్పి మాత్ర మ్రింగి షిఫ్టునకు పోవుట వాడుకయైనది. చాలసార్లు ఆ తలంపు నిజమే. కాని ఆ నొప్పితోపాటు కడుపుబ్బరము, వికారము, వాంతి, అన్నము సహింపకుండుట వంటివి ఉన్నప్పుడు కారణమును భుజముననే వెదకుట చాలదు.

ఒక కార్మికుని ఊహించుకొందము. పెండ్లి విందు ఆరగించి పరుండిన రాత్రి, కడుపు పైభాగమున కుడివైపు నొప్పితో అతడు మేలుకొనును. ఆ నొప్పి వీపునకు ప్రాకి, కుడి రెక్క క్రిందను భుజముమీదను నిలుచును. వికారము కలుగును. ఒకటి రెండు గంటలలో అంతయు తగ్గిపోవును. మరునాడు డిస్పెన్సరీకి పోయి భుజము నొప్పి యని చెప్పి మాత్రలు తెచ్చుకొనును. కొన్ని దినములకు అదే బాధ మరల వచ్చినప్పుడు మందుల దుకాణమున గ్యాసు అని చెప్పి వేరొక మందు కొనును. రెండు బాధలను రెండు చోట్ల చెప్పినాడు గాని, రెండును ఒకే రాత్రి, ఒకే వేళ వచ్చినవను మాట ఎవరికిని చెప్పలేదు. వైద్యునికి ముఖ్యముగా కావలసినది ఆ మాటయే.

కడుపులోని జబ్బు భుజమున ఎట్లు తోచును? గనిలో నిప్పంటుకొన్నప్పుడు పొగ సరిగా దానిపైననే రాక, ఎక్కడనో నేల పగులునుండి వెలువడవచ్చును. నొప్పి విషయమును కొంత అట్టిదే. రొమ్మునకును ఉదరమునకును నడుమ డయాఫ్రము అను కండరపు పొర కలదు. గర్భస్థ శిశువునందు ఇది మొదట మెడ దాపున ఏర్పడి క్రమముగా క్రిందికి దిగును. దిగునప్పుడు తన నాడిని కూడ వెంట తెచ్చుకొనును. అందువలన దీని నాడి మెడలోని 3, 4, 5 వెన్నునాడుల నుండియే బయలుదేరును. భుజాగ్రపు చర్మము నుండి పోవు నాడులును 3, 4 స్థానములకే చేరును. డయాఫ్రము క్రింద వాపుగాని, రక్తముగాని, చీముగాని చేరినప్పుడు ఆ వార్త మెడ త్రోవనే మెదడునకు పోవును. మెదడు అది భుజమునుండి వచ్చినదని భ్రమించును.

ఇది కేవలము ఊహ కాదు. 1911లో చికాగో వైద్యుడు జోసెఫ్ క్యాప్స్, రొమ్మున నీరు చేరిన రోగులలో సన్నని తీగతో డయాఫ్రమును తాకి చూడగా, వారు నొప్పి మెడయందును భుజమునందును ఉన్నదని చూపిరి. నేడు ఉదరమున చిన్న రంధ్రములు చేసి లాపరోస్కోపుతో శస్త్రచికిత్స చేసినపుడు, లోన మిగిలిన వాయువు వలన ఒకటి రెండు దినములు కొందరికి భుజము నొచ్చుటయు ఈ కారణముననే.

ఇక ఏయే వ్యాధులు ఇట్లు కనిపించునో చూతము. మొదటిది పిత్తాశయములోని రాళ్లు. మనము ఊహించుకొన్న కార్మికుని బాధ దీనికి సరిపోవును. నూనె, నేయి అధికముగా గల భోజనము తరువాత నొప్పి వచ్చుట దీని వాడుక. ఇది స్త్రీలలో ఎక్కువ. ఆదిలాబాదు ప్రాంతపు గిరిజనులలో కొందరికి గల సికిల్ సెల్ వ్యాధియందు ఎర్రకణములు త్వరగా నశించుటవలన చిన్న వయస్సుననే ఈ రాళ్లు ఏర్పడవచ్చును. జ్వరము, చలి, కామెర్లు తోడైనచో ఆలస్యము తగదు. అల్ట్రాసౌండు పరీక్షవలన ఈ రాళ్లు సులువుగా తెలియును.

రెండవది కాలేయమున చీముగడ్డ. కలుషితమైన నీటిద్వారా ప్రవేశించు అమీబా దీనికి ఒక ముఖ్య కారణము. కల్లు, సారా అలవాటుగల పురుషులలో ఇది ఎక్కువగా కానవచ్చును. జ్వరము, కుడి ప్రక్కటెముకల క్రింద నొప్పి, కుడి భుజమున బాధ దీని లక్షణములు.

ఎడమ భుజమునకు వేరొక కథ కలదు. ఎడమ ప్రక్కటెముకలకు దెబ్బ తగిలి ప్లీహము చిట్లినచో లోపల రక్తము కారి ఎడమ భుజాగ్రము నొచ్చును. జర్మను శస్త్రవైద్యుడు హాన్స్ కేర్ పేర ఈ గుర్తు ప్రసిద్ధము. బొగ్గుపెళ్ల తగిలినను, మోటారు సైకిలుపై నుండి పడినను, పైకి గాయము లేదని ఊరకుండరాదు. ఋతుస్రావము తప్పిన స్త్రీకి పొత్తికడుపు నొప్పి, భుజాగ్రమున నొప్పి, కండ్లు తిరుగుట కలిగినచో గర్భము నాళమున నిలిచి చిట్లినదేమో యని వెంటనే పరీక్షింపవలెను.

అన్నిటికంటె మోసకరమైనది గుండెపోటు. ఏ భుజమునకైనను ప్రాకు నొప్పి, త్రేనుపులు, వికారము, చెమట కలిగినపుడు గ్యాసు అని సోడా త్రాగి కూర్చుండుటవలన విలువైన గడియలు వృథా యగును. మధుమేహము గలవారిలో రొమ్ము నొప్పి స్పష్టముగా తెలియకపోవుటయు కలదు.

నొప్పి మాత్రల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు నిజమైన పని నొప్పిని తగ్గించును గాని, వైద్యుని అడుగక దినదినము వాడినచో జీర్ణాశయమున వ్రణము కలుగజేయవచ్చును. ఆ వ్రణము రంధ్రమైనచో కత్తితో పొడిచినట్లు హఠాత్తుగా కడుపు నొచ్చి, పలకవలె బిగిసి, భుజమునకును బాధ తాకును. భుజమునకై మ్రింగిన మాత్రయే ఇట్లు కొత్త భుజము నొప్పికి హేతువగుట కలదు.

ఇంటియందు ఒక చిన్న పరీక్ష చేసికొనవచ్చును. చేయి పైకెత్తి, వెనుకకు త్రిప్పి చూడవలెను. అప్పుడు నొప్పి హెచ్చినచో తప్పు బహుశః భుజమునందే ఉండును. చేయి ఎటు త్రిప్పినను భేదము లేక, భోజనముతోగాని దీర్ఘశ్వాసతోగాని నొప్పి మారుచున్నచో లోపలి కారణమును శంకింపవలెను. అయితే ఈ పరీక్ష సూచన మాత్రమే. ఒకే మనిషికి రెండు జబ్బులును ఉండవచ్చును.

చెమట, ఊపిరాడకుండుట, స్పృహ తప్పుట, కడుపు బిగియుట, నల్లని మలము, నెత్తురు వాంతి వీనిలో ఏది కలిగినను తెల్లవారువరకు వేచియుండక 108కి ఫోను చేయవలెను. అంత తొందర లేనిచో రామకృష్ణాపూరు ఏరియా ఆసుపత్రికిగాని, మంచిర్యాల ప్రభుత్వ ఆసుపత్రికిగాని పోయి చూపుకొనవచ్చును. పోవునప్పుడు ఒక కాగితముపై నొప్పి ఏ దినమున, ఏ వేళ వచ్చినది, ముందు ఏమి తిన్నది, కడుపున ఏ బాధ తోడైనది, ఏ మాత్రలు వాడినది వ్రాసికొని పోవుడని మా మనవి. భుజమును కడుపును వేర్వేరుగా చెప్పక, ఒకే వైద్యుని యెదుట ఒకే మారు చెప్పుడు.