చిన్నజాతి కుక్కపిల్లలో కాలేయ లోపం – సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు సభ్యులు మమ్మల్ని పాడి పశువుల గురించే కాక, ఇంట్లో పెంచుకునే కుక్కల గురించి కూడా అడుగుతుంటారు. పట్నం నుండి తెచ్చిన చిన్నజాతి పిల్ల తిన్న కొద్దిసేపటికి తూలుతుంది, చొంగ కారుస్తుంది, గోడకు తల ఆనించి నిలబడుతుంది. కొందరు దిష్టి అంటారు. కొందరు పిచ్చి పట్టిందని భయపడి ఊరి బయట వదిలివేయాలనుకుంటారు. అది కాలేయ లోపం కావచ్చును. వదిలివేసే ముందు పరీక్ష చేయించడం మన ధర్మం.

లోపం ఎక్కడ?

మనం కార్జం అనే కాలేయం, పేగుల నుండి వచ్చే రక్తాన్ని శుద్ధి చేస్తుంది. మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు పుట్టే అమ్మోనియాను విరిచివేస్తుంది. షిట్జు, పగ్, మాల్టీస్, యార్క్‌షైర్ టెరియర్ వంటి చిన్న జాతుల్లో కొన్ని పిల్లలు పుట్టుకతోనే ఒక అడ్డదారి రక్తనాళంతో పుడతాయి. పరీక్ష చేయని పాలు నేరుగా క్యానులో పడినట్లే, శుద్ధి కాని రక్తం కాలేయాన్ని తప్పించుకొని ఒళ్లంతా తిరుగుతుంది. అమ్మోనియా మెదడుకు చేరి మత్తు, తూలుడు, మూర్ఛ కలిగిస్తుంది.

గుర్తులు

పిల్ల తోటి పిల్లల వలె ఎదగదు. నీరు ఎక్కువ తాగుతుంది. వాంతులు, మూత్రంలో ఇబ్బంది ఉండవచ్చును. మాంసం, గుడ్డు తిన్న తరువాత మత్తు పెరగవచ్చును. అన్ని పిల్లల్లో తిండితో సంబంధం కనబడదు. ఖాళీ కడుపుతో మూర్ఛ వస్తే రక్తంలో చక్కెర తగ్గడం కూడా కారణం కావచ్చును.

రేబిస్ లక్షణాలు రోజురోజుకూ ముదురుతాయి. కాలేయ లోపపు లక్షణాలు వచ్చి పోతుంటాయి. అయినా తేల్చవలసింది పశువైద్యుడే. చొంగ కార్చే పిల్ల నోట్లో చేయి పెట్టరాదు. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రిలో టీకా వేయించుకోవాలి.

పరీక్ష, చికిత్స

పరగడుపున ఒకసారి, తిండి పెట్టిన 2 గంటలకు మరొకసారి రక్తం తీసి, పైత్యరసపు ఆమ్లాలు చూస్తారు. తరువాత స్కానింగ్ చేస్తారు. మీ ఊరి పశువైద్యశాలలో ఈ సౌకర్యం లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో దగ్గరి దానికి చీటీ రాయించుకోవాలి.

ఈ చికిత్సలో పాలకు మూడు చోట్ల పాత్ర ఉన్నదని తెలిస్తే సభ్యులు సంతోషిస్తారు. మొదటిది ఆహారం. ఇటువంటి పిల్లలకు మాంసం కన్నా పాల మాంసకృత్తులు బాగా పడతాయి. ఉప్పు లేని పనీరును అన్నంలో కలిపి, రోజుకు 4, 5 సార్లు కొద్దికొద్దిగా పెట్టవచ్చును. ఎంత పెట్టాలో వైద్యుడే చెప్పాలి. ఎదిగే పిల్లకు మాంసకృత్తులు పూర్తిగా మానిపించరాదు. గిన్నెల కొద్దీ పాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. రెండవది లాక్టులోజ్ అనే మందు. పాలలోని చక్కెర నుండి తయారయ్యే ఈ మందు పేగుల్లోని అమ్మోనియాను విరేచనంతో బయటకు పంపుతుంది. మూడవది శస్త్రచికిత్స. అడ్డదారి నాళానికి ఒక ఉంగరం తొడుగుతారు. దాని లోపలి భాగం పాలలోని కేసీన్‌తో చేసినది. అది తడి పీల్చి మెల్లగా ఉబ్బి, కొన్ని వారాలలో నాళాన్ని మూసివేస్తుంది. ఒక్కసారిగా మూస్తే ప్రాణాపాయం గనుక ఈ పద్ధతి వచ్చింది. శస్త్రచికిత్స చేయించలేని వారు కూడా ఆహారం, మందులతో చాలా పిల్లలను కొంతకాలం సుఖంగా ఉంచగలరు.

చేయరానివి

మనం వేసుకునే పారాసిటమాల్ కుక్కకు వేయరాదు. 2 కిలోల పిల్లకు 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే కాలేయాన్ని దెబ్బతీయగలదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న పెట్టరాదు. ఆ బూజు విషం కుక్కపిల్లకే కాదు, లేగదూడ కాలేయానికీ హాని చేస్తుంది, పాలలోకీ దిగుతుంది. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా కాలేయాన్ని పాడు చేస్తుంది గనుక దాణా గదిలో ఎలుకలు చేరనీయరాదు, టీకాలు వాయిదా వేయరాదు.

పిల్లకు ఏ రోజు, ఏమి తిన్న ఎంతసేపటికి ఏ లక్షణం వచ్చిందో ఒక కాగితం మీద రాసి వైద్యునికి చూపించండి. జబ్బును గుర్తించడానికి ఆ కాగితం ఎంతో ఉపకరిస్తుంది.