చీర కాదు, ఈసారి ఒక ఫోటో పెట్టండి!

నాన్నగారి షష్టిపూర్తి దగ్గరపడుతోంది. అమ్మానాన్నలకు ఏం పెట్టాలి? పట్టుచీరా? బీరువాలో మడత విప్పనివి ఇప్పటికే నాలుగున్నాయి. వెండి కంచమా? పండక్కి తీసి, తోమి, మళ్ళీ లోపల పెట్టేదేగా! ఇలా తర్జనభర్జన పడుతున్నారా? అయితే మంచి ఫోటోగ్రాఫర్ దగ్గర ఒక గంట మాట్లాడి, ఆ గంటని వాళ్ళకు కానుకగా ఇవ్వండి.

"ఇంటినిండా ఫోన్లే, రోజూ దిగుతూనే ఉన్నాంగా" అంటారేమో. నిజమే. ఒక్కసారి ఆ ఫోన్ తీసి, మీ అమ్మ తీరిగ్గా కూర్చుని, మీ వంక చూస్తున్న ఫోటో ఒక్కటి వెతకండి. దొరికిందా? వడ్డిస్తూ పక్కకి తిరిగి ఉంటుంది. లేదంటే మనవడి తల వెనకాల సగం మొహమే కనిపిస్తుంది.

మా మేనత్త పోయినప్పుడు ఈ సంగతి మాకు బాగా తెలిసొచ్చింది. పదకొండో రోజుకి ఫోటో కావాలి. ఇల్లంతా గాలిస్తే దొరికినవి రెండే. ఆధార్ కార్డు మీదున్నది ఒకటి, ఎవరి పెళ్ళిలోనో నలుగురి వెనక నిలబడి దిగినది ఒకటి. స్టూడియో అతను ఆ గ్రూపులోంచి మొహం కత్తిరించి, ఇంకెవరి భుజాలకో అతికించి, ఎర్రని పట్టుచీర తొడిగి, వెనక నీలాకాశం పెట్టి ఇచ్చాడు. పాపం, అతని తప్పేం లేదు, ఉన్నదాంతోనే చేశాడు. కానీ మా అత్తయ్య నేత చీర తప్ప కట్టి ఎరగదు. ఇప్పటికీ దండ వేస్తుంటే ఎవరికో వేస్తున్నట్టే ఉంటుంది నాకు.

అందుకే మా ఇంట్లో షష్టిపూర్తికి ఈ కానుకే ఇచ్చాం. ఒప్పించడానికి మాత్రం వారం పట్టింది. "ఈ వయసులో నాకెందుకే ఫోటోలు" అంది అమ్మ. పెద్దవాళ్ళు ఇలా అంటే అది మొహమాటమే అనుకోకండి. గోడకి తగిలించడానికే తీయిస్తున్నారేమోనన్న దిగులు లోపల ఉంటుంది, పైకి అనరు. ఒక్కరినే కూర్చోబెట్టకుండా ఇద్దరినీ కలిపి, మనవలతో కలిపి తీయించండి. మధ్యలో ఒకరివీ తీస్తే సరి. భర్త పోయిన ఆవిడైతే బొట్టు, పూల సంగతి ఆవిడ ఇష్టానికే వదిలేయండి. పెట్టుకోమనీ వద్దనీ మీరు చెప్పకండి.

అన్నట్టు, ఆడవాళ్ళ బిడియం కనిపెట్టి నడుచుకోవడం మన స్టూడియోలకి కొత్తేం కాదు. నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా పేరుపొందిన రాజా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాదులో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక బ్రిటిష్ మహిళకు అప్పగించారు. మీ అత్తగారు మగవాళ్ళ ముందు బిగుసుకుపోయే మనిషైతే మీరూ లేడీ ఫోటోగ్రాఫర్‌ని వెతకండి. ఇప్పుడు చాలామందే ఉన్నారు.

కూపన్ చేతిలో పెట్టి "వీలున్నప్పుడు వెళ్ళిరండి" అంటే మాత్రం ఆ కూపన్ బీరువాలో చీరల కింద చేరుతుంది. రోజు మీరే ఖాయం చేయండి, చీర మీరే ఇస్త్రీ చేయండి, ఆటో మీరే పిలవండి. స్టూడియో మేడమీద ఉందా, మెట్లెన్ని ఉన్నాయి అని ముందే అడగండి. మోకాళ్ళ నొప్పులుంటే ఫోటోగ్రాఫర్‌నే ఇంటికి రమ్మనొచ్చు. ఉదయం తొమ్మిదిలోపు వరండాలో వచ్చే వెలుతురు మొహానికి ఎంతో బావుంటుంది. మిట్టమధ్యాహ్నం వద్దు, కళ్ళ కింద నీడలు పడతాయి. ఒళ్ళంతా జరీ ఉన్న చీర లైట్లకు మెరిసిపోయి మొహాన్ని మింగేస్తుంది. ఆవిడకు అలవాటైన చీరే కట్టించండి. కళ్ళజోడు రోజూ పెట్టుకునేవారైతే తీయించకండి. అద్దాల మీద మెరుపు పడకుండా లైటు జరుపుకోవడం ఫోటోగ్రాఫర్ పని.

మా అమ్మ మొదటి అరగంటా పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టే కూర్చుంది. ఫోటోగ్రాఫర్ ఏదో సర్దుకుంటుండగా నాన్న ఆవిడ చెవిలో ఏదో అన్నారు. ఆవిడ పకపకా నవ్వింది. ఆ అబ్బాయి చటుక్కున కెమెరా ఎత్తాడు. మాకున్న వాటిల్లో మంచి ఫోటో అదే. నాన్న ఏమన్నారో అడిగితే ఇద్దరూ చెప్పరు! అందుకే పది నిమిషాల్లో ముగించేవాళ్ళని కాక, కాస్త ఓపికున్నవాళ్ళని చూసుకోండి.

సీమంతానికి కూతురికీ ఈ కానుక ఇవ్వొచ్చు. పసిబిడ్డకైతే ఇంటికే పిలిపించండి. మెడ నిలవని బిడ్డను పోజుల కోసం వంచుతానంటే ఒప్పుకోకండి. తల్లి ఒళ్ళో తీసినదానికి మించింది లేదు.

ఇక డబ్బు సంగతి. ఎన్ని ఫోటోలు సరిచేసి ఇస్తారు, ప్రింట్లు అందులోనే కలిసి ఉన్నాయా, ఎన్నాళ్ళకిస్తారు అన్నవి అడ్వాన్సు ఇచ్చే ముందే అడిగి రాయించుకోండి. "రంగు తెల్లగా చేయొద్దు, ముడతలు తీసేయొద్దు" అని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే అమ్మని మీరే గుర్తుపట్టలేనంత నున్నగా చేసిస్తారు కొందరు! ఫైళ్ళు వాట్సాప్‌లో మామూలు ఫోటోలుగా తీసుకోకండి, నాణ్యత తగ్గిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో అడగండి. 8 అంగుళాలకు 12 అంగుళాల ప్రింటు స్పష్టంగా రావాలంటే ఫైలు 2400 బై 3600 పిక్సెళ్ళు ఉంటే మంచిది.

ఫ్రేము కట్టించేటప్పుడు ఫోటోకీ అద్దానికీ మధ్య అట్ట మౌంటు వేయించండి. లేకపోతే వానాకాలం చెమ్మకి ఫోటో అద్దానికి అతుక్కుపోతుంది, తీయబోతే రంగు ఊడొస్తుంది. ఎండ నేరుగా తగిలే గోడ వద్దు. ప్రింట్లు మాత్రం రెండు వేయించండి. ఒకటే వేయిస్తే మీ చెల్లెలు ఊరుకోదు.