బడి మానినా చదువు ఆగదు!

కర్నూలు జిల్లా ఆలూరు ప్రాంతంలో వానలు తప్పితే ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. దీన్నే అక్కడ ‘సుగ్గి’ అంటారు. వెంట పిల్లలూ వెళతారు. తిరిగి వచ్చేసరికి పాఠాలు ఎంతో ముందుకు సాగిపోతాయి. మరి వారి చదువు అంతటితో ఆఖరేనా?

కాదు! విద్యార్థి బడికి రాలేకపోతే పాఠమే విద్యార్థి దగ్గరకు వెళుతుంది. ఇదే దూరవిద్య. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో టపా ద్వారా పాఠాలు ప్రారంభించింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలసింది. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించింది. అలాంటి ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అంత పైకి వెళ్ళి దిగి రావడానికి సంకేతానికి పట్టేది పావు సెకను మాత్రమే!

బడి చదువుకు జాతీయ ఓపెన్ స్కూల్ 1989లో ఏర్పడింది. 14 ఏళ్ళు నిండినవారు పదో తరగతికి చేరవచ్చు. అయిదేళ్ళలో తొమ్మిదిసార్లు పరీక్ష రాయవచ్చు. ఒక సబ్జెక్టు తప్పినా, పాసైనవి పోవు. కుట్టుపని, విద్యుత్ పని వంటి వృత్తి కోర్సులూ ఉన్నాయి.

అయితే ఒక్క మాట. తీగ కలపడం పుస్తకం చదివినంత మాత్రాన రాదు, చేత్తో చేయాలి. అందుకే అధ్యయన కేంద్రాలలో ప్రాక్టికల్ తరగతులు ఉంటాయి. వాటిని మానకూడదు.

మీ ఊళ్ళో బడి మానిన నేస్తం ఉంటే, ఈ సంగతి ఇవాళే చెప్పండి.